ఏడో నమూనా

పన్నెండుకు పావు తక్కువ అయిందని అటెండరు అంకాలమ్మ వసారాలో వేలాడే రైలుపట్టా ముక్క మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఇంకొక గంట ఉంది. గదిలో ఇరవై నాలుగు మంది పిల్లలు తలలు వంచుకుని పదో తరగతి లెక్కల పరీక్ష రాస్తున్నారు. నా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. పొద్దున, నేను పరీక్ష డ్యూటీకి వచ్చిన ఈ బేస్తవారిపేట బడి గేటు దగ్గర నిలబడి ఈ పిల్లల జేబులు, జామెట్రీ పెట్టెలు, అట్టల వెనక వైపు, అన్నీ నేనే వెతికాను. చీటీలుంటే ఇప్పుడే పారేయండి, లోపల దొరికితే నేనేమీ చేయలేను అని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ కాగితం నా గుండెకు ఆనుకునే ఉంది. మాస్టారి జేబు ఎవరూ వెతకరు.

ఫోను చీఫ్ సూపరింటెండెంటు వెంకటేశ్వర్లు గారి గదిలో, అందరి ఫోన్లతో పాటు ప్లాస్టిక్ ట్రేలో ఉంది. నేను దాన్ని ట్రేలో పెడుతుంటే ఆయన, "ఏబేలు సారూ, మీ ఫోనుకు కాపలా అక్కర్లే. దొంగోడు చూసినాడంటే ఇంకోటి కొనుక్కోమని డబ్బులిచ్చి పోతాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినప్పుడు మొహంలో ఏది ఎటు కదలాలో అది అటే కదిలింది. ఒంటిగంటకు ఆ ఫోను మోగుతుంది. హైదరాబాదు నుంచి నాగేంద్ర గారు చేస్తారు. మా అమ్మాయి రేచల్ పరిశోధనకు గైడు ఆయన. నేను ఒక్క మాట చెబితే చాలు అన్నారు, పోయిన వారం. రేచల్ రఫ్ పుస్తకంలో ఉన్నదే ఫెయిర్‌లో ఎక్కించానని. ఫెయిర్ రాసింది నేనే కాబట్టి నా మాట సరిపోతుందట. ఆ మాట అంటే మా అమ్మాయి పేరు ముందు డాక్టర్ అని చేరుతుంది. పని పూర్తయి ఉంటే పోయినవాళ్ళకు కూడా డిగ్రీ ఇస్తారట. రేచల్ పోయి తొమ్మిది నెలలు.

మూడో బెంచీలో కిటికీ పక్కన ఉన్న అమ్మాయి ఒక పేజీ మొత్తం రాసి, కాసేపు దాన్నే చూసి, ఆ మూల నుంచి ఈ మూలకు గీత కొట్టింది. స్కేలు పెట్టి కొట్టింది. నాకు లోపల చివుక్కుమంది, అలవాటు కొద్దీ. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు నేను చెప్పింది ఒకటే. రికార్డు శుభ్రంగా ఉండాలి. రఫ్‌లో ఎన్ని కొట్టివేతలైనా పెట్టుకోండి, ఫెయిర్‌లో ఒక్కటి కనపడకూడదు. మూడు రీడింగులు తీస్తే మూడూ దగ్గర దగ్గరగా రావాలి. ఒకటి దూరంగా పోయిందంటే అది మీ చేతి పొరపాటు, దాన్ని వదిలేసి మిగతావాటికి సగటు తీయండి. గడియారపు లోలకమైనా, కుంభాకార కటకమైనా, ఉప్పునీళ్ళలో తేలే గుడ్డయినా ఇదే. ఎన్ని వందల మంది పిల్లలు నా మాట విని దూరంగా పోయిన రీడింగును వదిలేసి ఉంటారో. మా బడి రికార్డులు జిల్లాలోనే అందంగా ఉంటాయని తనిఖీకి వచ్చినవాళ్ళు అనేవాళ్ళు. నేను ఆ మాటకు పొంగిపోయేవాణ్ణి. ఇంటికి వచ్చి కరుణమ్మకు చెప్పేవాణ్ణి. నా భార్య చదువు అయిదో తరగతి. "అందంగా రాస్తే మార్కులు ఎక్కువ పడ్తాయా?" అని అడిగేది. పడతాయి అనేవాణ్ణి. నిజంగానే పడేవి.

ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు. మార్చిలోనే ఇట్లా ఉంది. కిటికీ అవతల గోడకు ఎవరో పిడకలు కొట్టారు. బడి ప్రహరీ గోడ, దాన్నీ వదల్లేదు. ఎండిన ఒక్కో పిడక మీద నాలుగు వేళ్ళ గుర్తులు ఇక్కడికే కనపడుతున్నాయి. మా అమ్మ ఆసాముల దొడ్లో పేడ ఎత్తేది, కూలితో పాటు ఒక తట్ట పేడ తెచ్చుకోనిచ్చేవాళ్ళు. రేచల్ చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి ఆమె పక్కన నిలబడి చూస్తుండేది. ల్యాబులో చేరిన కొత్తలో, నీ పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పు అంటే చెప్పింది. "అవ్వ పిడకలు కొట్టేది గదా నాయనా, అంతే మా పని. పేడను కరిగించి పోస్తాదా? విసిరి కొడతాది. ఆ విసురుకే గోడను కరుచుకుంటాది. మేము లోహం పొడిని గాలితో తుపాకి గుండు మాదిరి కొడతాం. కరగదు. కొట్టిన దెబ్బకే అతుక్కుంటాది." పాడైన యంత్ర భాగాన్ని పారేయకుండా దాని మీద కొత్త లోహం పొర వేయడం. కోల్డ్ స్ప్రే అంటారట. మెల్లగా కొడితే పొడి రాలిపోతుంది. కింది లోహం మీద మురికో, తుప్పు పొరో ఉంటే పిడకకు పిడక ఊడి వచ్చినట్టు వస్తుంది. "రెండు పిడకల మధ్య సందులుంటాయి చూడు, ఆ సందుల కోసమే మా ఏడుపంతా" అంది. నవ్వుతూ అంది. నవ్వితే పైపన్ను ఒకటి పక్క పన్ను మీదికి ఎక్కి కనపడేది. దానికి తీగ వేయిద్దామంటే వద్దంది, అట్లే ఉండనీ నాయనా అంది.

ఆ సందులు తగ్గించడమే తన నాలుగేళ్ళ పని. మెత్తని అల్యూమినియం మిశ్రమం పొడిలో గట్టి గింజలు కొన్ని కలుపుతారు. గట్టి గింజలు చాలామటుకు అతుక్కోవు, తగిలి ఎగిరిపోతాయి, కానీ పోతూ పోతూ కిందున్న మెత్తటి పొరను సుత్తితో కొట్టినట్టు అదిమి పోతాయి. సందులు మూసుకుంటాయి, పొర దట్టమవుతుంది, బలం వస్తుంది. ఆ తర్వాత సన్నటి సెగలో ఉంచి మెల్లగా చల్లారనిస్తే పెళుసుదనం కూడా కొంత పోతుంది. గింజలు ఎంత కలపాలి అన్నదే ప్రశ్న. ఎనిమిది నమూనాలు చేసింది, ఒక్కోదానిలో ఒక్కో పాలు. ఒక్కోదాన్ని అడ్డంగా కోసి, మైక్రోస్కోపు కింద మూడు చోట్ల చూసి, వందలో సందులు ఎన్ని పాళ్ళు ఉన్నాయో రాసుకునేది. రూపాయి బిళ్ళంత ముక్కలు. ఒకటి నాకు తెచ్చి ఇచ్చింది. పిల్లలకు చూపించాను. వాళ్ళకు మామూలు రేకు ముక్కలానే కనపడింది.

తను పోవడానికి ఆరు నెలల ముందు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు రఫ్ పుస్తకం తెచ్చుకుంది. నేను తెరిచి చూసి, ఇదేంది తల్లీ, ఇట్లాంటిది పెద్దవాళ్ళకు చూపిస్తావా అన్నాను. టీ మరకలు, బాణం గుర్తులు, ఒకదాని మీద ఒకటి అంకెలు, సగం ఇంగ్లీషు సగం తెలుగు. "ఏం కాదులే నాయనా, మా దగ్గర ఇట్లే ఉంటాయి, ఎవరూ ఏమనరు" అంది. నేను ఫెయిర్ చేసి పెడతానన్నాను. వద్దనలేదు, అలసిపోయి ఉంది. భోజనం చేసి వెళ్ళి పక్క గదిలో పడుకునేది, నేను బల్ల దగ్గర కూర్చుని గళ్ళు గీసి, నీలం ఇంకుతో ఎక్కించేవాణ్ణి. నాలుగు మధ్యాహ్నాలు. పక్క గదిలో నుంచి తన ఊపిరి వినపడేది. నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు. అది చెప్పకపోతే ఇప్పుడు చెప్పేదంతా అబద్ధం అవుతుంది. ఏడో నమూనా దగ్గరికి వచ్చేసరికి మూడు అంకెలున్నాయి. 0.7, 0.9, 2.9. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి దూరంగా. ఆ మూడోదాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఏదో రాసి ఉంది, దాని మీద మళ్ళీ పల్చగా గీత ఉంది. నేను ఆగి చదవలేదు. రఫ్ కదా. రెండింటికీ సగటు తీసి 0.8 అని రాశాను. కింద రెండు గీతలు గీశాను. ఎనిమిదింటిలో అదే అన్నిటికంటే మంచి ఫలితం. దాని మీదనే తన థీసిస్ నిలబడి ఉందని నాకు అప్పుడు తెలియదు. తెలిసినా అదే చేసేవాణ్ణేమో.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక తను వెళ్ళిపోయింది. తయారైన రికార్డుకు అట్ట వేసి కొరియర్‌లో పంపాను. రఫ్ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. చాలా పేజీలు ఒక వైపే రాసినవి. మా బడిలో అట్లాంటి కాగితం పారేయం, స్లిప్ టెస్టులకు వాడతాం. తొమ్మిదో తరగతికి పంచాను. నా చేతులతోనే చించి పంచాను, వరసకు ఇన్ని అని లెక్కపెట్టి. పిల్లలు సాంద్రత అనగానేమి అన్న ప్రశ్నకు జవాబు రాశారు, మా అమ్మాయి నాలుగేళ్ళ అంకెల వెనక.

ఫిబ్రవరిలో ఫోన్ చేసింది. "నాయనా, రఫ్ బుక్కు యాడ పెట్టినావు?" ఫెయిర్ పంపినాను గదమ్మా అన్నాను. "అది కాదు. ఫోటోలన్నీ కంప్యూటర్లో ఉండాయి గానీ ఏ ఫోటో ఏ ముక్కదో, ఏ అంచున కోసిందో అందులోనే రాసుకున్యా." నేను చెప్పాను, స్లిప్ టెస్టుల సంగతి. అవతల ఎవరో యంత్రం ఆపినట్టు ఒక హోరు తగ్గింది. తర్వాత, "సరేలే నాయనా. మళ్ళా చేస్తా. ఎంతసేపు" అంది. అమ్మ బాగుందా అని అడిగింది. ఎంతసేపు అన్నది నాలుగు నెలలు అయింది. ఆరు నమూనాలు మళ్ళీ చేసింది. జూన్‌లో జ్వరం వచ్చింది. ఏడోది బిగించి ఉందట యంత్రానికి, అది అయ్యాక ఆసుపత్రికి పోదామనుకుందట. నాలుగు రోజులు జ్వరం మాత్రలు మింగి పని చేసింది. డెంగీ. అయిదో రోజు హాస్టలు పిల్లలు తీసుకుపోయారు. మేము గిద్దలూరు నుంచి కారు మాట్లాడుకుని పోయేసరికి మాట్లాడే స్థితిలో లేదు. కరుణమ్మ బిడ్డ పాదాలు పట్టుకుని కూర్చుంది. నేను మంచం పక్కన వేలాడే కాగితం చదువుతూ నిలబడ్డాను. ప్లేట్‌లెట్ల అంకెలు గంటగంటకూ రాసి ఉన్నాయి, ఒకటి కొట్టేసి పక్కన ఇంకొకటి. అంత ఘోరమైన చేతిరాత నేను ఎక్కడా చూడలేదు. ప్రతి అంకె నిజం.

తలుపు దగ్గర చప్పుడు. స్క్వాడ్. ఒక నడివయసు ఆఫీసరమ్మ, వెనకాల వెంకటేశ్వర్లు గారు. పిల్లలు తలలెత్తారు. ఆమె అట్టలు ఎత్తి చూసింది, ఒకడి చొక్కా చేయి మడత విప్పించింది, ఏమీ దొరకలేదు. పోతూ పోతూ నా వైపు చూసి, "మీ గది బాగుంది సార్" అంది. "ఏబేలు సార్ రూములో సూది కింద పడినా ఇనపడ్తాది మేడం, ఆయన అంత స్ట్రిక్టు" అన్నారు వెంకటేశ్వర్లు గారు. నేను నమస్కారం పెట్టాను. రెండు చేతులూ గుండె దగ్గర కలిపినప్పుడు జేబులో కాగితం కొసలు వేళ్ళకు తగిలాయి.

ఈ కాగితం మూడు రోజుల కింద దొరికింది. తను మళ్ళీ చేయలేకపోయిన నమూనాలకు నా ఫెయిర్ రికార్డు ఒక్కటే ఆధారమని నాగేంద్ర గారు అడిగినప్పటి నుంచి మా బడి బీరువాలో పాత స్లిప్ టెస్టుల కట్టలు విప్పుతూ వచ్చాను. చాలా కట్టలు ఏడాది చివర తగలబెట్టేశాం. రేచల్ రాత ఉన్నవి పదకొండు కాగితాలు మిగిలాయి, అందులో ఏడో నమూనాది ఒకటి. ఇటు వైపు సురేష్, తొమ్మిది బి, సాంద్రతకు నిర్వచనం తప్పులతో రాశాడు. అయిదుకు రెండు వేసి, కింద ఎర్ర ఇంకుతో చేతిరాత బాగుచేసుకో అని రాశాను. ఆ ఎర్ర ఇంకు అటు వైపుకు దిగింది. అటు వైపు మా అమ్మాయి అంకెలు. 2.9 చుట్టూ సున్నా. ఆ రోజు నేను ఆగి చదవని మాట ఇప్పుడు చదివాను. "అంచు దగ్గర వదిలేస్తోంది. ఎందుకు? ఇదే అసలు సంగతేమో." పల్చటి గీత కొట్టివేత కాదు. అడుగున గీయబోయి పెన్సిలు పైకి పోయింది. గట్టి గింజలు ఎక్కువైతే పొర లోపల దట్టంగానే ఉంటుంది గానీ అంచున కింది లోహాన్ని వదిలేస్తుందని తను పట్టుకుంది. పట్టుకోబోయింది. నేను దాన్ని చేతి పొరపాటు అనుకున్నాను.

ఈ కాగితాన్ని చించేస్తే ఎవరికీ తెలియదు. అదీ ఆలోచించాను, ఆలోచించలేదని చెప్పను. గిద్దలూరులో బస్సెక్కి కూర్చుని కంభం దాటేవరకు అదే ఆలోచించాను. ఆ 0.8ని నమ్మి ఎవరో ఎక్కడో అదే పాలు కలిపి ఏ హెలికాప్టరు భాగానికో పొర వేస్తారు, అంచున అది లేస్తుంది. అది దూరపు మాట. దగ్గరి మాట ఏమిటంటే మార్కాపురంలో విక్టర్ రాయి చెక్కుతున్నాడు. ఈస్టరు లోపల రేచల్ సమాధి మీద నిలబెట్టాలి. నల్లటి పలక రాయి కావాలని కరుణమ్మే అడిగింది, అమ్మాయి మొదట అక్షరాలు దిద్దింది ఆ రాతి పలక మీదనే కదా అంది. విక్టర్ కనుబొమల మీద ఎప్పుడూ బూడిదరంగు రాతిపొడి ఉంటుంది. పేరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగితే కరుణమ్మ తన రెండు వేళ్ళు రాయి మీద పెట్టి, "ఇంత జాగా వదులు నాయనా, డాక్టరని వస్తాది" అంది. అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. అప్పటి నుంచి మా ఇంట్లో కరుణమ్మ మాట్లాడే నాలుగు మాటల్లో అది ఒకటి. వచ్చిందా? ఎప్పుడొస్తాదంట? ప్రార్థన కూడికలో కూడా నిలబడి సాక్ష్యం చెప్పింది, మా బిడ్డ పేరు ముందర దేవుడు ఒక మాట పెట్టబోతున్నాడని. నేను మోకాళ్ళ మీద ఉండి నేల చూస్తున్నాను.

"సార్." కిటికీ పక్క అమ్మాయి. ఇంకా పది నిమిషాలుంది. "ఈ పేజీ అంతా తప్పు సార్. కొట్టేసినా. గలీజుగా ఉంది. చింపేద్దునా?" నేను దగ్గరికి వెళ్ళాను. తన గీత కింద లెక్క కనపడుతోంది, మూడో మెట్టు దాకా సరిగానే ఉంది. అది చెప్పకూడదు. "చింపొద్దు" అన్నాను. "అట్లే ఉండనీ. దిద్దేవాళ్ళకు కనపడాల." ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. నా మాట నాకే వేరే మనిషి అన్నట్టు వినపడింది. ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా.

అంకాలమ్మ పట్టా మీద గబగబా కొట్టింది. కాగితాలు తీసుకున్నాను, లెక్కపెట్టాను, కట్ట కట్టి అప్పగించి సంతకం పెట్టాను. ఫోను తీసుకుని కుళాయి దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఒంటిగంటకు మోగింది. నాగేంద్ర గారు మెత్తటి మనిషి, భోజనం చేశారా మాస్టారూ అని అడిగారు. నేను చెప్పాను. రఫ్‌లో ఉన్నది ఫెయిర్‌లో లేదండీ. ఏడోదానిలో ఒక రీడింగు నేను వదిలేశాను. కాగితం నా దగ్గరుంది, ఫోటో తీసి పంపుతాను.

"మీరా?" అన్నారు ఆయన. "రేచల్ నాకు వేరేగా చెప్పింది మాస్టారూ. తను చదువుతుంటే మీరు రాశారని, ఏడోది చదివేటప్పుడు తనే ఒక లైను దాటేశానని. తప్పు నాది సార్, మళ్ళీ చేస్తాను అంది. ఆ అమ్మాయి పొరబడిందేమో, మీకు వేరేగా గుర్తుందేమోనని ఆశకొద్దీ అడిగాను."

కుళాయి కింద ఎవరో చెంబు పెట్టి వెళ్ళారు. నిండి పొర్లుతోంది.

"తను చదవలేదండీ" అన్నాను. "పక్క గదిలో నిద్రపోతోంది."

ఏడోది తీసేస్తే థీసిస్ నిలబడదని ఆయన చెప్పారు. తెలిసే చెబుతున్నారా అన్నారు. తెలిసే అన్నాను. ఇంకేదో చెప్పబోయి, ఆరోగ్యం చూసుకోండి మాస్టారూ అని పెట్టేశారు. నేను కుళాయి కట్టేశాను. కరుణమ్మకు ఫోను చేయాలి. పేరు మీద వేలు పెట్టి, తీసి, విక్టర్‌కు చేశాను. అతను రాయి పని ఆపి ఫోను ఎత్తాడు, ఉలి కింద పెట్టిన చప్పుడు వినపడింది. ఆ జాగాలో చెక్కేది ఏమీ లేదు, ఖాళీగానే వదిలెయ్ అన్నాను.

"పేరు మొత్తం చెక్కేసినా గదా సార్, ఇప్పుడు జరపనీకి రాదు" అన్నాడు. "అట్లే పెడితే చూసినోళ్ళు విక్టర్‌కు కొలత రాదనుకుంటారు."

"ఆ తప్పు నాది. ఎవరడిగినా నా పేరు చెప్పు."

అతను ఉలి మళ్ళీ చేతిలోకి తీసుకున్నట్టున్నాడు.

"ఎవరడుగుతారులే సార్" అన్నాడు.